పుస్తకంలోకి ఎక్కిన పేర్లు

1303 ఆగస్టులో దక్షిణ ఫ్రాన్స్‌లోని కార్కసాన్ పట్టణంలో జనం తిరగబడ్డారు. కథోలిక తిరుసభ బోధను కాదన్న పాషండులను విచారించే ఇన్‌క్విజిషన్ చెరసాలలో మగ్గుతున్నవాళ్లను ఇన్‌క్విజిటర్ల చేతుల్లోంచి తప్పించి రాజుగారి జైలుకు మార్పించారు. ఆ జనాన్ని కదిలించినవాడు నాస్తికుడు కాదు, పాషండుడూ కాదు. బెర్నార్ దెలిసియో అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి. ఆ తర్వాత నాలుగో ఫిలిప్ రాజు ఎదుటే ఆయన ఓ మాట అన్నాడు: ఈ పద్ధతిలో విచారిస్తే పునీత పేతురు, పౌలు దిగివచ్చినా తాము నిర్దోషులమని రుజువు చేసుకోలేరని.

ఇన్‌క్విజిషన్ మీద జరిగే వాదాల్లో దెలిసియో పేరు అరుదుగా వినిపిస్తుంది. కథోలిక తిరుసభను దుయ్యబట్టేవాళ్లు లక్షల మందిని కాల్చి చంపారంటారు. వెనకేసుకొచ్చేవాళ్లు పాత రికార్డులు తీసి, చూశారా ఎంత తక్కువ మందో అంటారు. ఇంకా నిలదీస్తే, ఆ కాలమే అలాంటిది పొమ్మంటారు. దెలిసియో ఆ కాలంవాడే మరి!

లెక్కల వరకు చూస్తే సమర్థకులదే పైచేయి. ఉంబెర్తో ఎకో నవల ‘ది నేమ్ ఆఫ్ ది రోజ్’లో భయపెట్టే బెర్నార్ గి నిజంగా ఉన్న మనిషే, తులూజ్ ఇన్‌క్విజిటర్. పదిహేనేళ్లలో ఆయన శిక్ష వేసింది సుమారు 630 మందికి. అందులో సజీవదహనానికి అప్పగించింది 40 మందికి కాస్త పైన. మిగతావాళ్లకు జైలు, తీర్థయాత్రలు, బట్టల మీద కుట్టుకోవలసిన పసుపు శిలువలు. (ఆ నవల ఆధారంగా తీసిన సినిమాలో గి లోయలో పడి చస్తాడు. అసలు గి లొదేవ్ పీఠాధిపతి అయి, 1331లో కన్నుమూశాడు.) కానీ లెక్క అక్కడితో తెగదు. వీపు మీద పసుపు శిలువతో తిరిగేవాడి ఇంటికి పిల్లనిచ్చేదెవరు?

అసలు చిక్కు పాషండమనే నేరం స్వభావంలోనే ఉంది. పాషండులను ఏరివేస్తామంటూ 1209లో మొదలైన యుద్ధం బెజియే పట్టణాన్ని ఊచకోత కోసి, 1229 దాకా సాగి, రాజ్యాలను లొంగదీసింది. మనసులను లొంగదీయలేదు. 1231 నుంచి పోప్ తొమ్మిదో గ్రెగరీ ఆ పనికి ప్రత్యేక విచారణకర్తలను, ఎక్కువగా డొమినికన్ సన్యాసులను, నియమించసాగాడు. దొంగతనానికి సాక్షి దొరుకుతాడు. నమ్మకానికి సాక్షి ఎవరు? అప్పటి న్యాయశాస్త్రం ప్రకారం పూర్తి రుజువంటే ఇద్దరు ప్రత్యక్ష సాక్షులు, లేదంటే నిందితుడి ఒప్పుకోలు. లోపలి మాటకు ఒప్పుకోలే దిక్కు. అందుకే 1252లో పోప్ నాలుగో ఇన్నోసెంట్, ప్రాణం పోకుండా, అవయవం తెగకుండా చిత్రహింస పెట్టవచ్చని ఇటలీ నగరాల పాలకులకు శాసనం పంపాడు. నిందితుడికి తన మీద సాక్ష్యం చెప్పిందెవరో తెలియనివ్వరు. తప్పు ఒప్పుకుంటే చాలదు, ఇతరుల పేర్లు కూడా చెప్పాలి. పశ్చాత్తాపం నిజమైనదని తేలేది అప్పుడే.

ఆ పేర్లన్నీ పుస్తకంలోకి ఎక్కేవి. 1245-46లో తులూజ్‌లో ఇద్దరు ఇన్‌క్విజిటర్లు అయిదు వేల మందికి పైగా పిలిపించి వాంగ్మూలాలు రాయించారు. ఏళ్లు గడిచాక కొడుకు చెప్పినదాన్ని తండ్రి చెప్పినదాని పక్కన పెట్టి చూడొచ్చు. కార్కసాన్‌లో 1280లలో కొందరు చెరసాల గోడ పగలగొట్టాలనుకోలేదు, ఆ పుస్తకాలను దొంగిలించాలని పన్నాగం పన్నారు. ఏది ప్రమాదమో వాళ్లకు బాగా తెలుసు. చచ్చినా విముక్తి లేదు. కస్తెల్ ఫాబ్ర్ అనే సంపన్నుడు 1278లో చనిపోతే, 1300లో ఆయన మీద విచారణ మొదలైంది. నేరం రుజువైతే వారసుల ఆస్తి జప్తు. ఫాబ్ర్‌ను పాతిపెట్టింది ఫ్రాన్సిస్కన్ల మఠంలో. ఆయన తరఫున నిలబడిన మఠవాసి దెలిసియోనే. ఆ పుస్తకాల్లో కల్పిత సాక్ష్యాలున్నాయని ఆయన బాహాటంగా అన్నాడు.

ఇక జాక్ ఫూర్నియే సంగతి. 1317లో పామియే పీఠాధిపతి అయిన ఈయన 1318 నుంచి 1325 దాకా 98 కేసుల్లో 578 సార్లు విచారణ జరిపి, రాయించిన గ్రంథం ఇప్పటికీ వాటికన్ గ్రంథాలయంలో ఉంది. దహనశిక్షకు పోయింది అయిదుగురు. 1975లో ఎమాన్యుయెల్ లె రువా లదురీ ఆ గ్రంథం ఆధారంగానే మొంతయు అనే కొండపల్లె కథ రాసి ప్రపంచాన్ని మురిపించాడు. ఊరి పూజారి శృంగార లీలలు, గొర్రెల కాపరి పియెర్ మోరీ స్నేహాలు, ఆత్మ అంటే వట్టి నెత్తురేనని చార్వాకుడిలా తేల్చేసిన ఓ రైతు... చదువుతుంటే వీళ్లతో ఎవరో తీరిగ్గా కబుర్లు చెప్పించారనిపిస్తుంది. వాళ్లు నోరు విప్పింది న్యాయపీఠం ముందు.

ఫూర్నియే క్రూరుడు కాదు. లంచం తినడు, చిత్రహింస జోలికి దాదాపు వెళ్లడు, రోజుల తరబడి ఓపిగ్గా అడుగుతాడు. ఇన్‌క్విజిషన్‌ను సమర్థించేవాళ్లకు ఇంతకన్నా మంచి సాక్షి దొరకడు. అందుకే చూడాల్సింది ఈయన్నే. 1320లో తులూజ్‌లో అల్లరిమూక యూదుల మీద పడ్డప్పుడు బారూక్ అనే పండితుడు ప్రాణభయంతో జ్ఞానస్నానం తీసుకున్నాడు. తర్వాత తన మతానికి తాను మళ్లాడు. ఫూర్నియే తర్కం ఏమిటంటే, నీళ్లు పోస్తున్నప్పుడు వద్దని ప్రతిఘటించలేదు కనుక ఆ జ్ఞానస్నానం చెల్లుతుంది, కనుక ఇప్పుడు యూదుడిగా బతకడం పాషండం. వారాల తరబడి శాస్త్రచర్చ నడిచాక బారూక్ లొంగిపోయాడు. మరుసటి ఏడు గియోమ్ అగసా అనే కుష్ఠురోగి, గ్రనడా రాజుతో కలిసి బావుల్లో విషం కలిపే కుట్రలో పాల్గొన్నానని చెప్పాడు. అంతకుముందే అతన్ని చిత్రహింస పెట్టారు. ఇప్పుడు ఇష్టపూర్వకంగానే చెబుతున్నానన్నాడు. లేఖకుడు అదీ రాసుకున్నాడు. అలాంటి కుట్రే లేదు.

1319లో దెలిసియో విచారణ జరిగితే, ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు ఈ ఫూర్నియేనే. నేరాలు: ఇన్‌క్విజిషన్‌కు అడ్డుపడటం, రాజద్రోహం, మంత్రవిద్యల పుస్తకం ఉంచుకోవడం. పోప్ పదకొండో బెనెడిక్ట్‌ను చంపాడన్న ఆరోపణ మాత్రం నిలవలేదు. యావజ్జీవ జైలు, సంకెళ్లు, రొట్టె, నీళ్లు. ముసలివాడని న్యాయమూర్తులు సంకెళ్లు సడలించబోతే పోప్ ఇరవై రెండో జాన్ ఒప్పుకోలేదు. నెలల్లోనే ఆయన ప్రాణం పోయింది. ఫూర్నియే 1334లో పన్నెండో బెనెడిక్ట్‌గా పోప్ అయ్యాడు.

ఇప్పుడు చరిత్రకారులు ఇంకో మెట్టు కిందికి దిగి తవ్వుతున్నారు. మార్క్ పెగ్, ఆర్. ఐ. మూర్ లాంటివాళ్ల వాదన ప్రకారం ఆ పాషండులకు అంటగట్టిన ‘కాతార్’ అనే వ్యవస్థీకృత మతమే అక్కడ లేదు. ప్రశ్నలు వేసినవాళ్ల బుర్రలోని బొమ్మే జవాబుల్లోకి ఎక్కింది. పీటర్ బిల్లర్ లాంటివాళ్లు దీన్ని గట్టిగా కాదంటారు. ఇదేమీ పట్టని ఓడ్ జిల్లా, కార్కసాన్ ఉన్నది అక్కడే, తనను ‘కాతార్ దేశం’ అని చెప్పుకుంటూ పర్యాటకులను పిలుస్తోంది.

ఇన్‌క్విజిషన్ అనగానే మనకు గుర్తొచ్చేది గోవా. 1560లో పోర్చుగీసు రాజ్యం నీడలో వచ్చి, 1812లో మూతపడిన ఆ న్యాయస్థానం కాగితాలు చాలావరకు నాశనమయ్యాయి. ఫ్రాన్స్‌లో కాగితాలు మిగిలాయి కాబట్టే వాదం మిగిలింది.

విశ్వాసం విషయంలో ఎవరినీ బలవంతపెట్టరాదని 1965లో రెండో వాటికన్ మహాసభ 2,308 ఓట్లతో ప్రకటించింది. వ్యతిరేకంగా పడినవి 70. 2000 మార్చి 12న పోప్ రెండో జాన్ పాల్ సమక్షంలో, సత్యం పేరిట చేసిన హింసకు దేవుణ్ణి క్షమాపణ కోరే ప్రార్థనను ప్రవేశపెట్టింది కార్డినల్ రాట్జింగర్. ఇన్‌క్విజిషన్‌కు వారసురాలైన కార్యాలయానికి అప్పటి అధిపతి ఆయనే. చిన్న విషయం కాదది. అయితే తప్పు చేసింది తిరుసభ బిడ్డలే తప్ప తిరుసభ కాదన్న గీత మాత్రం జాగ్రత్తగా గీశారు. 1252 శాసనం దగ్గర ఆ గీత నిలవడం కష్టం. దారితప్పిన బిడ్డ ఎవరో రాసిన కాగితం కాదది. పోప్ ముద్రతో వెలువడింది. 1259లో నాలుగో అలెగ్జాండర్, 1265లో నాలుగో క్లెమెంట్ దాన్నే మళ్లీ జారీ చేశారు.