పూర్త ధర్మమూ గ్రాంటు దరఖాస్తూ

ధర్మశాస్త్రాలు పుణ్యకార్యాలను ఇష్టమనీ పూర్తమనీ రెండుగా చెబుతాయి. యజ్ఞయాగాదులు ఇష్టం కాగా, చెరువులు, బావులు, తోటలు, సత్రాలు వంటి పదిమందికీ పనికివచ్చే నిర్మాణాలు పూర్తం. క్రియాశక్తి ఒడెయరు తన తల్లి ధర్మాంబ పేరిట ఊరు వెలయించి తవ్వించాడని స్థానిక చరిత్ర చెప్పే ధర్మవరం చెరువు ఈ రెండవ కోవలోనిది. నేడు అదే కరవు నేలలో ఒక సేవాక్లబ్బు తాగునీటి పథకానికి రోటరీ ఫౌండేషన్ వారి గ్లోబల్ గ్రాంటు కోరితే, ఊరి అవసరాన్ని ముందుగా ఊరివారితోనే విచారించారా, ఫలితాన్ని దేనితో కొలుస్తారు, డబ్బు అయిపోయాక పనిని ఎవరు చూసుకుంటారు అని దరఖాస్తు నిలదీస్తుంది. ఇన్ని షరతులతో చేతికందేది దానమేనా అన్న సందేహం అక్కడే పుడుతుంది.

ప్రత్యుపకారం ఆశించక, దేశకాలపాత్రాలు ఎరిగి ఇచ్చినదే సాత్త్విక దానమని భగవద్గీత పదిహేడవ అధ్యాయం చెబుతుంది. పాత్రత ఎరగడమంటే విచారించడమే గనుక లెక్క అడగడం దానానికి విరుద్ధం కాదు. పైగా ఎందరో సభ్యుల విరాళాలను పంచే సంస్థ ధర్మకర్త స్థానంలో ఉంది కాబట్టి, అడగకపోవడమే దోషం. చిక్కంతా ప్రత్యుపకారం దగ్గర ఉంది. చెరువు పూర్తయ్యాక జరిపే ఉత్సర్గంలో, అంటే నీటిని సర్వప్రాణులకూ వదిలివేసే కర్మలో, కట్టించినవాడు తన హక్కును విడుస్తాడు. గ్రాంటుతో జరిగిన పని దగ్గర దాత చిహ్నంతో వెలసే పలక ఆ విడుపును ఎంతవరకు ఒప్పుకుంటుందో చెప్పడం కష్టం. అయితే శాసనాలు వేయించుకున్న రాజులు పేరు కోరలేదనడం కూడా అమాయకత్వమే.

కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) మంచి చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను లెక్కిస్తూ, జలశాస్త్రం తెలిసినవాణ్ని అంగాలలోనూ, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడాన్ని దోషాలలోనూ చేర్చింది. గ్లోబల్ గ్రాంటు మాత్రం పని జరిగే దేశపు క్లబ్బూ వేరొక దేశపు క్లబ్బూ కలిసి, కనీసం 30,000 డాలర్ల అంచనాతో ముందుకు రావాలంటుంది. ఆ శాసనకర్త దీన్ని ఏ పద్దులో వేసేవాడో!

దానానికి షరతు పెట్టడం మన సంప్రదాయానికి పరాయిదని ఎవరైనా వాదిస్తే దశబంధమే సమాధానం. చెరువు తవ్వించి, దాని మరమ్మతు చూసేవారికి ఆ చెరువు కింది భూమిలో కొంత మాన్యంగా ఇచ్చే ఈ రాయలసీమ ఏర్పాటులో, నీరు పారిన నేలే కట్టకు మట్టి మోయించేది. గ్రాంటు దరఖాస్తులో ఆ చోట గ్రామ కమిటీ పేరు రాస్తే గడి నిండుతుంది గాని, ఆ కమిటీకి మోటారు కాలిపోయిన నాడు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తేలదు.