పడుకున్న గోవు, పరుగెత్తని పరుగు

క్రికెట్‌లో బంతి బౌండరీ దాటితే బ్యాటర్ అడుగు కదపకపోయినా నాలుగు పరుగులు వస్తాయి. ఎవరికీ అది వింతగా తోచదు. ఇంగ్లీషువాళ్ళ 'రన్' అనే క్రియకు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులు 645 అర్థాలు తేల్చారని 2011లో వార్త వచ్చింది. ఆ ఒక్క మాట తెమలడానికి పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి తొమ్మిది నెలలు పట్టిందట. ముక్కు కారినా, బట్ట రంగు దిగినా, ఎవరైనా బడి నడిపినా, కంచె పొలం పొడవునా సాగినా వాళ్ళకు అదే మాట. భాష మీద సరదా ఉన్నవాళ్ళకు ఇది ముచ్చటైన లెక్క. నాకు మాత్రం మన శాస్త్రకారులు శతాబ్దాల తరబడి తగవులాడుకున్న ప్రశ్నకు ఇదొక సాక్ష్యం. అర్థం ఉండేది మాటలోనా, వాక్యంలోనా?

తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు, మన తెలుగువాడే, ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పాడు. శక్తి ఉన్నది పదం, పదాల సమూహం వాక్యం. ఫలానా పదం నుంచి ఫలానా అర్థం తెలియాలి అన్న ఈశ్వర సంకేతమే ఆ శక్తి. మీమాంసకులు ఈశ్వరుడి ప్రమేయం లేకుండానే మాటకూ అర్థానికీ ఉన్న సంబంధం నిత్యమన్నారు. ఒకే మాటకు అనేకార్థాలు ఒప్పుకోవడం వాళ్ళ దృష్టిలో అన్యాయం, గత్యంతరం లేనప్పుడే చేయాల్సిన పని. 645 అంటే ఏమనేవారో! అయిదో శతాబ్దం ప్రాంతంవాడైన భర్తృహరి దారి వేరు. వాక్యపదీయంలో ఆయన వాక్యమే అఖండమన్నాడు. ధాతువునూ ప్రత్యయాన్నీ శాస్త్ర సౌకర్యం కోసం పదంలోంచి విడదీసినట్టే, పదాన్ని కూడా వాక్యంలోంచి మనమే విడదీసుకుంటాం. నా మొగ్గు భర్తృహరి వైపే.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. కాళ్ళతో వేగంగా పోవడమే 'రన్' మాటకు ముఖ్యార్థం, తక్కినవన్నీ లక్షణతో, అంటే ముఖ్యార్థం పొసగనప్పుడు దానితో సంబంధమున్న మరో అర్థానికి జరగడం వల్ల, వచ్చినవి అనవచ్చు. వినడానికి బాగానే ఉంది. కానీ లక్షణకు మన ఆలంకారికులు షరతులు పెట్టారు. మొదటిది, ముఖ్యార్థం పొసగక అడ్డు తగలాలి. గంగలో పల్లె ఉందంటే నీటి మీద ఊరేమిటని బుద్ధి ఒక్క క్షణం ఆగుతుంది, ఆ తర్వాతే గట్టు స్ఫురిస్తుంది. ఫలానావిడ బడి 'రన్' చేస్తోందన్నప్పుడు ఎవరి బుద్ధీ అలా ఆగదు. వాడుక వల్ల రూఢి అయిపోయింది కాబట్టి ఆగదని సమాధానం రావచ్చు. ఆలంకారికుడు మమ్మటుడు 'కుశల' శబ్దానికి అలాగే చెప్పాడు, దర్భలు కోసేవాడు కాస్తా రూఢి వల్ల నేర్పరి అయ్యాడని. పద్నాలుగో శతాబ్దపు విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో దాన్ని ఒప్పుకోలేదు. మాట పుట్టడానికి కారణం ఒకటి, అది వాడుకలో చెల్లడానికి కారణం మరొకటి అన్నాడు. పుట్టుకే ముఖ్యార్థమైతే గోవు పడుకుంది అన్నా లక్షణే కావాల్సి వస్తుంది, ఎందుకంటే 'గో' శబ్దం పోవడం అనే అర్థమున్న ధాతువులోంచి పుట్టింది! ఇంత చిన్న ఉదాహరణతో ఇంత పెద్ద వాదాన్ని కూలదోయడం నేను మరెక్కడా చూడలేదు. ఎన్నికల సంగతీ చూడండి. అమెరికాలో అభ్యర్థి 'రన్' అవుతాడు, బ్రిటన్‌లో 'స్టాండ్' అవుతాడు, మన దగ్గరా నిలబడతాడు. చేసే పని ఒక్కటే, నామినేషన్ వేసి ఓట్లడగడం. గమనమే ఆ మాట సారమైతే నిలబడటమూ పరుగెత్తడమూ ఒకే పనికి పేర్లు కాలేవు.

ఇంకో ఆక్షేపణ ఇంతకంటే గట్టిది. అర్థం వాక్యానిదే అయితే ఎన్నడూ వినని వాక్యం మనకెలా బోధపడుతోంది? మాటల అర్థాలు ముందే తెలిసి ఉండబట్టే గదా! నిజమే, మాట ఉత్త డొల్ల అని నేనూ అనను. ఏమీ చేయకుండా పడుకోవడాన్ని 'రన్' అంటే ఇంగ్లీషులో చెల్లదు. కాకపోతే ఆ ఎరుక ఎలా వస్తుందో చూడాలి. మీమాంసకుల్లోనే ఒక శాఖవాళ్ళైన ప్రాభాకరులు చెప్పే పిల్లవాడి ఉదాహరణ ఇక్కడ పనికొస్తుంది. పెద్దాయన ఆవును తోలుకురా అంటే నౌకరు తోలుకొస్తాడు. ఆవును కట్టెయ్, గుర్రాన్ని తీసుకురా అంటే అలాగే చేస్తాడు. పక్కనున్న పిల్లవాడు వాక్యాలనూ పనులనూ చూస్తూ, ఏ మాట మారితే ఏ పని మారిందో గమనించి, ఆవంటే ఏమిటో తేల్చుకుంటాడు. వాడికి ముందు దొరికింది వాక్యం, మాట తర్వాత అందులోంచి తీసుకున్నది. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు చేసిందీ అదే. పాత పుస్తకాల్లోంచీ పత్రికల్లోంచీ వాక్యాలు ఏరి, పోలికను బట్టి గుంపులు చేసి, ఒక్కో గుంపుకు ఒక్కో నంబరు వేశారు. గీతలు ఇంకో చోట గీస్తే లెక్క నాలుగొందలైనా కావచ్చు, వెయ్యయినా కావచ్చు. ఈశ్వర సంకేతానికి అలాంటి వెసులుబాటు ఉంటుందని అన్నంభట్టు అనుకుని ఉండడు.

మాటకే నిత్యత్వం కట్టబెట్టిన మీమాంసకులు సైతం యజ్ఞంలో చిక్కొచ్చినప్పుడు ఏం చేశారో జైమిని సూత్రాల మొదటి అధ్యాయంలోనే ఉంది. 'యవ' అంటే కొందరు బార్లీ అన్నారు, కొందరు కొర్రలన్నారు. హవిస్సుకు ఏ గింజ వాడాలి? భాష్యకారుడు శబరస్వామి ఆ మాట లోపలికి తొంగిచూసి తేల్చలేదు. వాక్యం చివరిదాకా చదివాడు. తక్కిన మొక్కలు వాడిపోయే వేళ ఇవి కళకళలాడుతూ నిలుస్తాయని అక్కడుంది. ఆ కాలంలో అలా నిలిచేది బార్లీయే కాబట్టి బార్లీయే ఖాయమైంది.