ఆపలేని చేతులు

పార్కిన్సన్స్ వ్యాధికి వాడే మందుల వల్ల కొందరు చేసిన పనినే గంటల తరబడి చేస్తూ ఉండిపోతారు. వైద్యులు దీన్ని పండింగ్ అంటారు. గడియారం విప్పి, బిగించి, మళ్లీ విప్పుతారు. గుండీలు రంగుల వారీగా పేర్చి, చెరిపి, మళ్లీ పేరుస్తారు. అన్నానికి లేవరు, ఆపబోతే చిరాకు పడతారు. 1972లో స్వీడన్ మనోవైద్యుడు రైలాండర్ యాంఫెటమిన్ అనే ఉత్తేజక మందుకు అలవాటుపడ్డవాళ్లలో దీన్ని వర్ణించాడు. 1994 నాటికి లెవోడోపా మందు వాడే పార్కిన్సన్స్ రోగిలోనూ ఇది కనిపించింది.

పార్కిన్సన్స్‌లో డోపమైన్ అనే రసాయనం మెదడంతటా ఒకేలా తగ్గదు. కదలికలను నడిపే భాగంలో బాగా తగ్గుతుంది, కోరికనూ తృప్తినీ చూసే భాగంలో చాలావరకు మిగులుతుంది. ఆ లోటు తీర్చే మాత్ర రెండింటికీ ఒకటే. మెరక చేనుకు చాలిన నీళ్లే పల్లపు మడిని ముంచుతాయి.

ఈ ప్రవర్తన తరచూ రోగి పాత వృత్తి రూపంలోనే వస్తుంది. దర్జీకి గుండీలు, గుమాస్తాకు కాగితాలు. చిక్కంతా ఇక్కడే. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో కొండ కర్రతో చెంచాలు, గరిటెలు చెక్కే కుటుంబాలున్నాయి. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఒకే వంపును వందలసార్లు తేగలగడమే అక్కడ పనితనం. అలాంటి చేతికి వణుకు వచ్చి, మాత్రలతో తగ్గి, ఆ మనిషి అర్ధరాత్రి దాకా ఒకే చెంచాను రుద్దుతూ కూర్చుంటే ఇంట్లోవాళ్లు జబ్బనుకోరు. పనిమీద ధ్యాస తిరిగొచ్చిందని సంతోషిస్తారు. అది పూర్తిగా పొరపాటని కూడా అనలేం.

బుద్ధి కర్మానుసారిణి అనడం ఇక్కడ క్రూరత్వం. మోతాదు తగ్గిస్తే పోయేదాన్ని పూర్వజన్మకు అంటగట్టకూడదు. అలాగని అంతా మాత్రదే అన్నా నిలవదు. చెంచాను ఎంచింది మాత్ర కాదు, ఆ మనిషి బతుకు. పోయింది చాలనుకునే శక్తి ఒక్కటే. అయితే ఏ జబ్బూ లేని పనివాడు మాత్రం తన నిగ్రహంతోనే ఆపుతున్నాడా? చీకటి పడిందనో, ఆర్డరు తీరిందనో, ఇంట్లో పిలిచారనో ఆపుతాడు. ఆపడమన్నది ఏనాడూ పూర్తిగా మనిషి లోపలిది కాదేమో.

అందుకే ఇంటివాళ్ల మాటకు అంత విలువ. రోగి తనంతట చెప్పడు. సిగ్గు ఒక కారణం, అది బాధగా తోచకపోవడం మరొకటి. ఆత్మకూరు నుంచో ఉదయగిరి నుంచో నెల్లూరులోని నరాల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు వణుకుతో పాటు రాత్రిళ్లు జరిగేదీ వెంట వచ్చినవాళ్లే చెప్పాలి. చెబితే డాక్టరు మందును మెల్లగా తగ్గించవచ్చు. సొంతంగా ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. తగ్గిస్తే వణుకు, బిగుసుకుపోవడం తిరిగి రావచ్చు. కదలని చెయ్యి కావాలా, ఆగని చెయ్యి కావాలా అన్నది రోగే తేల్చుకోవాలి, అదే న్యాయం. కానీ తేల్చుకోవలసిన ఆ మనసు మీద కూడా అదే మందు పనిచేస్తూ ఉంటుంది.