అందరికీ తెలిసిన రహస్యం

గత వేసవిలో గాంధారిలో అమ్మ దగ్గరున్నప్పుడు ఒక నవల చదివి బాగా ఏడ్చాను. ఏడ్చానన్నది సగం నిజమే. ఏడుస్తూ ఆనందించాను. పేజీలు అయిపోవస్తున్నాయని దిగులు పడ్డాను కూడా. సాహిత్యంలో డాక్టరేట్ చేసి, 'కన్నీళ్ళు పెట్టించే నవలలు' అని తేలిగ్గా మాట్లాడటం అలవాటైనదాన్ని కాబట్టి ఈ సంగతి ఒప్పుకోడానికి కొంచెం సిగ్గేసింది. యద్దనపూడి నవలలు చదివి ఏడ్చిన మన అమ్మల తరాన్ని విమర్శకులు ఎంత చిన్నచూపు చూశారో మనకి తెలుసు. ఆ చూపు నాలోనూ వుందన్నమాట.

ఆ నవల శిల్పి సోమయ గౌడ ఇంగ్లీషులో రాసిన 'సీక్రెట్ డాటర్'. 2010లో వచ్చింది. మహారాష్ట్ర పల్లెలో వుండే కవిత మొదటి కూతుర్ని పుట్టగానే తీసుకుపోయి చంపేస్తారు. రెండో కూతురైనా బతకాలని ఆమె ఆ పిల్లని బొంబాయి అనాథాశ్రమంలో వదిలి వస్తుంది. కాలిఫోర్నియాలో వుంటున్న డాక్టర్ల జంట సోమర్, కృష్ణన్ ఆమెని పెంచుకుంటారు. కవిత పెట్టిన ఉష అనే పేరు అక్కడ ఆశగా మారుతుంది. ఇరవై ఏళ్ళకి ఆశ తన పుట్టుకని వెతుక్కుంటూ ముంబై వస్తుంది.

ఇందులో ఆనందించడానికి ఏముంది? ఈ ప్రశ్న మన ఆలంకారికులు ఏనాడో వేసుకున్నారు. కరుణ రసం దుఃఖమే అయితే దాన్ని జనం కోరి ఎందుకు చూస్తారు? భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం ఒక జవాబు. కావ్యంలోకి వచ్చిన దుఃఖం ఫలానా మనిషిదిగా వుండదు, అందరిదీ అవుతుంది. నాదీ కాదు, ఎదుటివాళ్ళదీ కాదు కాబట్టే దాన్ని ఆస్వాదించగలం. చాలాకాలం ఈ జవాబుతో తృప్తిపడ్డాను. కానీ ఆ దుఃఖం సొంతదారు మనకి తెలిసిన మనిషే అయితే?

గాంధారి చుట్టూ లంబాడా తండాలున్నాయి. చదువుతున్నంతసేపూ నా మనసు తండాల మీదికి పోతూనే వుంది. 1999లోనూ, మళ్ళీ 2001లోనూ లంబాడా ఆడశిశువులని దత్తత కేంద్రాలకి తరలిస్తున్నారన్న వార్తలు రాష్ట్రాన్ని కుదిపేశాయి. అవి మా ప్రాంతపు తండాలవి కావు. ముఖ్యంగా దేవరకొండ, తాండూరు వైపు దక్షిణ తెలంగాణవి. గీతా రామస్వామి, భంగ్యా భూక్యా దీన్ని అధ్యయనం చేశారు. భూమి పోవడం, కరువు, ఓలి పోయి కట్నం రావడం, వీటన్నిటి మధ్య ఆడపిల్ల బరువైంది. 2001లో ప్రభుత్వం పేదరికం పేరుతోనో, ఆడపిల్ల అనో కన్నవాళ్ళు బిడ్డల్ని అప్పగించడాన్ని నిషేధించింది. అయితే కట్నం అక్కడే వుంది, కరువు అక్కడే వుంది. ఆ తల్లులని మాత్రం పేపర్లలో 'బిడ్డల్ని అమ్ముకున్నవాళ్ళు'గా చూశాం. వాళ్ళ కోసం మనలో ఎంతమందిమి ఏడ్చాం? కవిత కోసం ధారాళంగా కారిన నా కన్నీళ్ళు వాళ్ళ దగ్గర ఎందుకు ఆగిపోయాయి?

చట్టమూ అంతే. 1956 హిందూ దత్తత చట్టంలో, తండ్రి వున్నప్పుడు బిడ్డని దత్తత ఇచ్చే హక్కు మామూలుగా ఆయనదే. తల్లి సమ్మతి వుంటే చాలు. తల్లికి సమాన హక్కు రావడానికి 2010 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. 2015 బాల న్యాయ చట్టం, బిడ్డని అప్పగించిన తల్లిదండ్రులకి మనసు మార్చుకోడానికి రెండు నెలల గడువు ఇచ్చింది. పెద్దయిన బిడ్డ తన మూలాలు వెతుక్కోడానికి దత్తత నిబంధనల్లో దారి వుంది. బిడ్డని వెతుక్కోవాలనుకున్న తల్లికి అలాంటి దారి లేదు. నవలలూ ఎక్కువగా ఈ దారినే నడుస్తాయి. వెతికేది బిడ్డ, దొరకాల్సింది తల్లి. 'సీక్రెట్ డాటర్' మేలు ఏమిటంటే, కవితకీ అధ్యాయాలున్నాయి. ఆమె ఎవరో వచ్చి కనిపెట్టేదాకా కథ బయట నిలబడలేదు.

ఆ మాట రాసుకున్నాక నాకు మా చిన్నమ్మ గుర్తొచ్చింది.

దాదాపు ముప్పై ఏళ్ళ కిందట చిన్నమ్మ తన మూడో బిడ్డని పిల్లల్లేని యారాలికి ఇచ్చింది. కాగితాలేమీ లేవు. మా వైపు దీన్ని 'సాదుకునుడు' అంటారు. ఆ పిల్ల కూడా నాలాగే ఆమెని "చిన్నమ్మా" అనే పిలుస్తుంది. వరస కూడా అదే కాబట్టి ఎవరికీ ఎబ్బెట్టుగా వుండదు. పెళ్ళిళ్ళలో చిన్నమ్మ ఆ పిల్లకి అందరితో పాటే వడ్డించి పక్క విస్తరికి వెళ్ళిపోతుంది. ఇది మా ఇంట్లో తెలియనివాళ్ళు లేరు, మాట్లాడేవాళ్ళూ లేరు. మనం రహస్యం అంటే తెలియకపోవడం అనుకుంటాం. నిజానికి చాలా ఇళ్ళలో రహస్యం అంటే కన్నతల్లి నోరెత్తకూడదన్న ఒప్పందం. నవలలో ముడి విప్పితే మనకి హాయిగా వుంటుంది. ఇలాంటి చోట విప్పడానికి ముడి ఏదీ వుండదు, మౌనం తప్ప.

అందుకే సెలవులు అయ్యేలోపు చిన్నమ్మ దగ్గరికి వెళ్ళి నవల కథ చెప్పాను. చెప్పి, ఇన్నేళ్ళూ అడగనిది అడిగాను. "నిన్ను అడిగిన్రా చిన్నమ్మా?"

చాలాసేపు చింతపండు గింజలు తీస్తూనే వుంది. "అడుగుడేంది బిడ్డా. మూడు నెల్లు పాలిచ్చిన. అత్తమ్మ చెప్పింది, ఇచ్చిన." కొంచెం ఆగి, "ఆ కథల పిల్ల తల్లిని కలిసిందా?" అంది.

కలవలేదన్నాను.

"మంచిగైంది" అంది. "కలిస్తే ఆమెను ఏమని పిలుస్తది?"

నా దగ్గర జవాబు లేదు. నవలని ఆనందించినందుకు ఇప్పుడు సిగ్గుపడటం లేదు. ఆ ఆనందం లేకపోతే నాకా ప్రశ్న అడిగే ధైర్యం వచ్చేది కాదు. అయితే అందరిదీ అయిన దుఃఖాన్ని మళ్ళీ దాని సొంతదారు దగ్గరికి తీసుకెళ్ళి, ఆమె ఏమంటుందో వినడం దాకా చదవడంలో భాగమేనని అనుకుంటున్నాను. ఆమె చెప్పేది మనం కోరుకున్న ముగింపు కాకపోయినా సరే.