సంతకం నాటికి ఏం తెలుసు?

1991లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో, బారో న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో, పామ్ రేనాల్డ్స్ అనే గాయనికి ఒక ఆపరేషన్ జరిగింది. ఆమె మెదడు అడుగున ఉన్న బేసిలర్ ధమని గోడ ఒకచోట బలహీనపడి బుడగలా ఉబ్బింది. దీన్నే అన్యూరిజం అంటారు. అడ్డంగా 25 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఓ ఉసిరికాయంత అయితే దాన్ని ‘జెయింట్’ కింద లెక్కేస్తారు. ఆమెది అలాంటిదే.

ఇంత పెద్ద బుడగ మెడకి క్లిప్పు పెట్టడం కష్టం. లోపల రక్తపు ఒత్తిడితో అది బిగుసుకుని ఉంటుంది. దాని వెనక దాక్కున్న సన్నటి రక్తనాళాలు కనపడవు. వాటిలో ఒకటి మూసుకుపోయినా మాటో, నడకో, స్పృహో పోవచ్చు. అందుకని రాబర్ట్ స్పెట్జ్‌లర్ బృందం ఆమె శరీరాన్ని 16 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరిచి, గుండెని ఆపి, తలలోంచి రక్తాన్ని కిందికి దింపేసింది. బుడగ మెత్తబడ్డాక దాని పని పట్టి, మళ్ళీ ఒంటిని వేడిచేసి గుండెని నడిపించారు. ఆవిడ 2010 దాకా బతికింది.

ఆ ఆపరేషన్ జరుగుతుండగా తను శరీరం బయటినుంచి అంతా చూశానని ఆమె చెప్పింది. అప్పట్నించీ ఈ కేసు ఆత్మ ఉందా లేదా అన్న వాదనలోనే నలుగుతోంది. నాకు మాత్రం అసలు ప్రశ్న అంతకుముందే, ఆపరేషన్‌కి ఒప్పుకుంటూ ఆమె సంతకం పెట్టినప్పుడే ఉందనిపిస్తుంది. గుండె ఆపించుకోడానికి ఒప్పుకోవడం సరైన నిర్ణయమేనా?

బతికింది కదా, సరైనదే అంటాం. ఆమె టేబుల్ మీదే పోయుంటే? అదే నిర్ణయాన్ని దుస్సాహసం అనేవాళ్ళం, అదే డాక్టర్ని పేరు కోసం పాకులాడాడు అనేవాళ్ళం. బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ 1976లో ఈ ఇబ్బంది గురించే రాశారు. దానికి ‘నైతిక అదృష్టం’ అని పేరు పెట్టారు. ఇద్దరు డ్రైవర్లు ఒకే రకం నిర్లక్ష్యంతో బండి నడుపుతారు. ఒకడికి మాత్రమే పిల్లాడు అడ్డొస్తాడు. ఇద్దరి తప్పూ ఒకటే, కానీ మనం ఇద్దర్నీ ఒకేలా చూడలేం.

సాఫ్ట్‌వేర్‌లో మాకు ‘నడుస్తున్నదాన్ని కెలక్కు’ అని ఒక నీతి ఉంది. కెలికి చెడగొట్టినా పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళొచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. పైగా కెలక్కుండా వదిలేస్తే చేతికి మట్టి అంటదు అనుకోడానికీ లేదు. 2003లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనం, చిట్లని అన్యూరిజంలున్న 4060 మందిని గమనించింది. మెదడు ముందు భాగపు ధమనుల్లో, 7 మిల్లీమీటర్లకన్నా చిన్నవాటికి, గతంలో ఏ అన్యూరిజమూ చిట్లనివాళ్ళలో, అయిదేళ్ళలో చిట్లే ప్రమాదం సున్నా. అదే వెనక భాగంలో, 25 మిల్లీమీటర్లూ ఆపైవాటికి, 50 శాతం. జబ్బు పేరొకటే. ఒకరికి ఊరుకోవడమే వైద్యం, ఇంకొకరికి ఊరుకోవడం నాణెం ఎగరేయడం.

ఆ 50 శాతం ఎక్కణ్ణించి వచ్చింది? ఆపరేషన్ లేకుండా ఉండిపోయిన మనుషుల నుంచి. అందులో జెయింట్ అన్యూరిజంలవాళ్ళు కొద్దిమందే. ఆ అంకె కూడా రేనాల్డ్స్ సంతకం పెట్టిన పన్నెండేళ్ళకి గానీ రాలేదు. 2011లో కెరోటిడ్ ధమనిలోని పెద్ద అన్యూరిజంల కోసం అమెరికాలో ఒక సన్నటి లోహపు జాలీగొట్టానికి అనుమతి వచ్చింది. తల తెరవక్కర్లేదు. గొట్టం రక్తాన్ని దారి మళ్ళిస్తే బుడగలో రక్తం మెల్లిగా గడ్డకడుతుంది. ఇప్పుడు గుండె ఆపి చేసే ఆపరేషన్లు అరుదైపోయాయి. అలాగని 1991లో ఒప్పుకున్నవాళ్ళు తొందరపడ్డారని అనొచ్చా? అనకూడదు. ఇవాళ ఉన్న పరికరంతో ఆనాటి సంతకాన్ని కొలవడం కూడా ఫలితం చూసి తీర్పివ్వడమే.

మరి ఫలితాన్ని పక్కన పెట్టేస్తే డాక్టర్లకి తప్పించుకునే దారి దొరికినట్టే కదా? నాకలా అనిపించదు. నిజానికి లెక్క ఇంకా కఠినమవుతుంది. రోగి బతికింది కాబట్టి ఏమీ చెప్పకపోయినా పర్లేదు అనే వీలుండదు. సంతకం నాటికి ఆమెకి ఏం తెలుసు? ఈ ఆపరేషన్ ఆ డాక్టరు చేతిలో ఎందరికి జరిగింది, ఎందరు పోయారు, ఎందరు మంచం పట్టారు? ఆగితే ఏమవుతుందో చెప్పారా? వేరే దారులున్నాయని చెప్పారా? ఇవన్నీ దాచి చేసిన ఆపరేషన్ విజయవంతమైనా అది తప్పే. అన్నీ చెప్పి, జాగ్రత్తగా చేసినది విఫలమైతే అది దుఃఖం. ఆ రెంటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

ఇన్ని అంకెలు విన్నాక కూడా రోగులు చివరికి అడిగేది ఒకటే: “మీ ఇంట్లోవాళ్ళయితే ఏం చేసేవారు డాక్టర్‌గారూ?” ఇది తెలియనితనంతో అడిగే ప్రశ్న అనుకోను. 50 శాతం అనేది వందమంది గురించి చెప్పే మాట. మంచం మీద ఉన్నది ఒక్క మనిషి, ఆ మనిషి సగం బతకడం కుదరదు. ఆ ప్రశ్నకి “నిర్ణయం మీదే” అని ఊరుకుంటే రోగి స్వేచ్ఛని గౌరవించినట్టే కనిపిస్తుంది గానీ, బరువు మొత్తం ఆమె ఒక్కదాని మీదే పడుతుంది. డాక్టరు తనకేమనిపిస్తోందో, ఎందుకనిపిస్తోందో చెప్పాలి. తర్వాత ఏమైనా ఆ మాట తను అన్నానని ఒప్పుకునేలా చెప్పాలి.