కెమెరా కంటికి అహింస

అహింస అనేది జరగనిదానికి పెట్టిన పేరు. చెయ్యి లేవలేదు, కత్తి దిగలేదు, ఇల్లు తగలబడలేదు. డాక్యుమెంటరీ సినిమా బతికేదేమో జరిగినదాని మీద. కెమెరా ముందు ఏదో ఒకటి జరిగితే తప్ప రీలు తిరగదు. శాంతిని ప్రబోధించే డాక్యుమెంటరీలకు మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. పైకి ఇది చిత్రీకరణ సమస్యలా కనిపిస్తుంది గానీ, దీని వేళ్లు సినిమా పుట్టక ఎన్నో శతాబ్దాల ముందే సాగిన ధర్మచర్చల్లో ఉన్నాయి.

జైన ఆచార్యులు హింసను ద్రవ్యహింస, భావహింస అని రెండుగా విడదీశారు. ప్రాణికి కలిగే హాని మొదటిది. హాని చేయాలన్న తలపు, దాన్ని నడిపించే రాగద్వేషాలు రెండోది. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రంలో హింసను నిర్వచించినప్పుడు ప్రాణం పోవడంతో సరిపెట్టలేదు, దాని వెనకున్న ప్రమత్తతను, అంటే ఏమరుపాటును, కూడా నిర్వచనంలోకి తెచ్చాడు. దీన్ని వివరించడానికి జైన సంప్రదాయంలో ఒక పోలిక ఉంది. నాగలి కింద పురుగులు నలిగి చస్తున్నా దున్నే రైతుకు చంపాలన్న ఉద్దేశం లేదు. ఒక్క చేపా పడకపోయినా వల వేసి కూర్చున్న జాలరికి ఆ ఉద్దేశం ఉంది. కాబట్టి దోషం జాలరిదే ఎక్కువ. పొట్టకూటి కోసం వల పట్టినవాడికి ఈ తీర్పు అన్యాయంగా తోచవచ్చు, అది వేరే చర్చ. ఈ ఇద్దరినీ సినిమా తీస్తే ఏమవుతుంది? నాగటిచాలులో నలిగిన పురుగు తెర నిండా కనిపిస్తుంది. గట్టున కదలకుండా కూర్చున్న జాలరి మాత్రం ప్రశాంతతకు బొమ్మ గీసినట్టుంటాడు.

గాంధీ మీద వచ్చిన తొలి డాక్యుమెంటరీలకు ఈ ఇబ్బంది ఉంది. తమిళ పత్రికా రచయిత ఎ.కె. చెట్టియార్‌కు 1937లో ఓడ ప్రయాణంలో ఉండగా గాంధీ జీవితాన్ని తెరకెక్కించాలన్న ఆలోచన వచ్చింది. అప్పటికి గాంధీని చిత్రీకరించిన దృశ్యాలు దేశదేశాల్లో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. సుమారు లక్ష మైళ్లు తిరిగి, 50,000 అడుగుల ఫిల్ము పోగుచేసి, 1940లో తమిళ వ్యాఖ్యానంతో చిత్రాన్ని విడుదల చేశాడు. తర్వాత అది తెలుగులోకీ వచ్చింది. 1968లో విఠల్‌భాయ్ ఝవేరి తీసిన 'మహాత్మా' ఐదున్నర గంటల చిత్రం. ఈ కృషి లేకపోతే ఎంతో సామగ్రి మట్టిలో కలిసిపోయేది. అయితే 1930 నాటి దండి దృశ్యాల్లో తెర మీద కనిపించేది చేతికర్రతో గబగబా నడిచిపోయే ఒక బక్కపలచని మనిషి. నిరాహారదీక్ష దృశ్యమేమో మంచం మీద పడుకున్న మనిషిగా మిగులుతుంది. మిగతాదంతా వ్యాఖ్యాత గొంతు చెప్పాల్సిందే. ఆ గొంతులో భక్తి పెరిగేకొద్దీ అహింస ఒక మహాత్ముడి పుట్టుస్వభావంలా తోస్తుంది. మామూలు మనుషులు కూర్చుని నేర్చుకోదగ్గ విద్య అని మాత్రం అనిపించదు.

అది నేర్చుకునే విద్య అని కెమెరా పట్టుకున్న చోటు అమెరికాలోని నాష్‌విల్. మెథడిస్టు క్రైస్తవుడైన జేమ్స్ లాసన్ కొరియా యుద్ధకాలంలో సైన్యంలో చేరనని జైలుకు వెళ్లాడు. తర్వాత నాగపూర్ హిస్లాప్ కాలేజీలో పనిచేస్తూ సత్యాగ్రహ పద్ధతిని అధ్యయనం చేశాడు. తిరిగి వెళ్లాక నాష్‌విల్‌లో నల్లజాతి విద్యార్థులకు శిక్షణ తరగతులు పెట్టాడు. ఎన్‌బీసీ టెలివిజన్ 1960లో 'సిట్-ఇన్' కార్యక్రమం కోసం ఆ తరగతిని చిత్రీకరించింది. స్టీవ్ యార్క్ తీసిన 'ఎ ఫోర్స్ మోర్ పవర్‌ఫుల్'లో ఆ దృశ్యాలు మళ్లీ కనిపిస్తాయి. ఒకరు కుర్చీలో కూర్చుంటారు. తోటి విద్యార్థులే రౌడీల వేషం కట్టి చుట్టూ మూగుతారు, తిడతారు, నెడతారు, కుర్చీలోంచి కిందికి లాగుతారు. కూర్చున్నవాళ్లు చెయ్యి ఎత్తకూడదు, లేచి పారిపోకూడదు. ప్రేక్షకుడి చూపు సహజంగానే ఆ చేతుల మీదికి పోతుంది. తిరిగి కొట్టబోయి ఆగిన వేళ్లు, బిగుసుకున్న దవడ, మింగిన మాట. జరగని పని అక్కడ కంటికి కనిపిస్తుంది. 1960 ఫిబ్రవరి 27న, నల్లవారికి వడ్డించని భోజన బల్లల దగ్గర విద్యార్థులు కూర్చోగా నిజమైన రౌడీలు వచ్చి కొట్టినప్పుడు పోలీసులు 80 మందికి పైగా విద్యార్థుల్ని, అంటే దెబ్బలు తిన్న పక్షాన్ని, అరెస్టు చేశారు. మే 10న ఆ నగరంలోని దుకాణాల భోజన బల్లల దగ్గర నల్లవారికి వడ్డన మొదలైంది. లాసన్ తరగతి చూడకుండా ఆ అరెస్టుల దృశ్యం ఒక్కటే చూసినవారికి అది నిస్సహాయతగానే కనిపిస్తుంది.

అన్ని చోట్లా కెమెరా ఇలా దగ్గరికి వచ్చి కూర్చోదు. 2003లో లైబీరియా అంతర్యుద్ధాన్ని ఆపడానికి క్రైస్తవ, ముస్లిం స్త్రీలు తెల్లబట్టలు కట్టుకుని మన్రోవియా చేపలబజారు దగ్గర ఎండనకా వాననకా కూర్చున్నారు. తుపాకులు పట్టిన కుర్రాళ్ల వెంట పరుగెత్తిన వార్తా కెమెరాలు వీళ్ల వైపు తిరిగింది తక్కువే. జీనీ రెటికర్ 2008లో 'ప్రే ద డెవిల్ బ్యాక్ టు హెల్' తీసేటప్పుడు చాలా భాగం ఆ స్త్రీల నోటిమాటల మీద ఆధారపడింది. వాళ్ల నాయకురాలు లేమా బోవీకి 2011లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

హైదరాబాదులో ఇంకో రకం ఉదాహరణ దొరుకుతుంది. 1984 నాటి మతకల్లోలాల మీద దీపా ధన్‌రాజ్ 1986లో 'క్యా హువా ఇస్ శహర్ కో?' తీసింది. ఊరేగింపులు, ప్రసంగాలు, కర్ఫ్యూలో కూలి కోల్పోయిన కుటుంబాల గోడు అందులో పక్కపక్కనే వస్తాయి. అల్లరి దానంతటది రాదని, దాన్ని రాజేసే రాజకీయం ఉంటుందని ఈ చిత్రం వాదిస్తుంది. ఇందులో అహింసా ప్రబోధం నేరుగా వినబడదు. ద్రవ్యహింస కంటే ముందే పోగవుతున్న భావహింసను కెమెరా పట్టుకోగలదనడానికి మాత్రం ఇది మంచి రుజువు. ఆనంద్ పట్వర్ధన్ 'వార్ అండ్ పీస్' (2002)లో దీనికి తలకిందుల దృశ్యం ఉంది. లాహోర్ బడిపిల్లలు వక్తృత్వ పోటీలో అణుబాంబును సమర్థిస్తూ ఆవేశంగా మాట్లాడతారు, తర్వాత మామూలు సంభాషణలో తమ అసలు అభిప్రాయం అది కాదని బయటపెడతారు. నోట్లో ఉన్న హింస మనసులో లేదు. సెన్సార్ బోర్డు కత్తిరింపులు కోరిన ఈ చిత్రానికి బొంబాయి హైకోర్టు 2003లో కోతలు లేకుండా అనుమతి ఇచ్చింది.

ఇంకొక ప్రశ్న చిత్రం తీసేవారి ప్రవర్తనకు సంబంధించింది. ఎదుటిపక్షాన్ని రాక్షసులుగా చూపించే శాంతి చిత్రం తానే భావహింసకు పాల్పడుతుంది. సత్యానికి అనేక ముఖాలుంటాయనే జైనుల అనేకాంతవాదం ఇక్కడ అక్కరకొస్తుంది. అయితే ఆ సూత్రాన్ని ఎంతదాకా లాగవచ్చు? ఇండోనేషియాలో 1965-66లో కమ్యూనిస్టులన్న ముద్ర వేసి లక్షలాది మందిని చంపారు. జాషువా ఓపెన్‌హైమర్ 'ద యాక్ట్ ఆఫ్ కిల్లింగ్' (2012)లో ఆ హంతకుల చేతనే వాళ్ల హత్యల్ని మళ్లీ నటింపజేశాడు. హంతకులకు రంగస్థలం కట్టిచ్చాడన్న విమర్శ వచ్చింది. ఆ విమర్శలో బలం ఉంది, బాధితుల గొంతు అందులో దాదాపు లేదు.

రెండేళ్ల తర్వాత వచ్చిన 'ద లుక్ ఆఫ్ సైలెన్స్' ఆ లోటు తీర్చింది. ఆదీ అనే కళ్లజోళ్ల పనివాడు ఆ మారణకాండలో తన అన్నను చంపినవాళ్ల ఇళ్లకు వెళ్తాడు. ముసలివాళ్ల ముక్కు మీద పరీక్ష ఫ్రేము పెట్టి, అద్దాలు మార్చి చూస్తూ, ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోందా అని అడుగుతాడు. ఆ పని చేస్తూనే నాడు ఏం జరిగిందని అడుగుతాడు. గొంతు పెంచడు, నింద వేయడు. కొందరు మాట తప్పిస్తారు, కొందరు బెదిరిస్తారు. ఒక హంతకుడి కూతురు, తండ్రి చేసినదాన్ని ఆయన నోటే విని, క్షమించమని అడుగుతుంది. ఆదీ ఆమె దగ్గరికి వెళ్లి, ఆమెతో పాటు ఆ ముసలాయన్ని కూడా దగ్గరికి తీసుకుంటాడు. అహింస దగ్గర వైరం కరిగిపోతుందని యోగశాస్త్రం చెప్పేది ఆ ఒక్క ఇంట్లో నిజమైనట్టు కనిపిస్తుంది. తక్కిన ఇళ్లలో కాలేదు. చిత్రం విడుదలకు ముందే ఆదీ కుటుంబం భద్రత కోసం మరో ఊరికి మారాల్సి వచ్చింది. అదే భద్రత కోసం 'ద యాక్ట్ ఆఫ్ కిల్లింగ్' చివర పేర్లు వచ్చేటప్పుడు, ఇండోనేషియాకు చెందిన సహదర్శకుడితో సహా ఎందరో సాంకేతిక నిపుణుల పేర్ల స్థానంలో ఒకటే మాట వరసగా పడుతుంది: అనామకులు.