తోటివారికి మార్కులు

మన ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలు మొదటి సంవత్సరం కాగానే 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టు చేయాలి. అత్తిలి ప్రభుత్వ డిగ్రీ కళాశాల పిల్లలకూ అంతే. జట్టుగా ఊళ్లోకి వెళ్లి, ఇంటింటా వివరాలడిగి, నివేదిక రాయాలి.

ఏ జట్టులోనైనా ఒక చిక్కుంది. ఇద్దరు ఎండలో తిరుగుతారు, ఒకమ్మాయి రాత్రి కూర్చుని రాస్తుంది, మిగిలినవాళ్లు పేర్లు చేరుస్తారు. దీన్ని సోమరితనమని తిట్టి ఊరుకోవడం నాకు న్యాయంగా తోచదు. తాడు లాగేవాళ్లు పెరిగేకొద్దీ ఒక్కొక్కరి లాగుడు తగ్గుతుందని ఫ్రాన్సు వ్యవసాయ ఇంజినీరు మాక్స్ రింగెల్‌మన్ 1913లోనే ప్రచురించాడు. ఎవరి శ్రమ ఎంతో విడిగా కనబడితే ఆ తగ్గుదల పోతుందని 1981లో అమెరికా పరిశోధకులు తేల్చారు.

మన చేలల్లో నాట్ల ముఠాను చూడండి. ఎకరాకు ఇంతని గుత్త, కూలి సమానంగా పంపకం. వరసలో ఎవరు వెనకబడ్డా వెంటనే కనిపిస్తుంది, పక్కామె చెయ్యి సాయం చేస్తుంది.

ప్రాజెక్టు జట్టులో శ్రమ అలా కనబడదు. అది తేల్చడానికని ఆఖరి రోజున చీటీ మీద తోటివారికి మార్కు వేయమంటే స్నేహం, కులం, పగ అన్నీ ఆ అంకెలోకి దూరతాయి. అంకెకన్నా ముందు ఒక పని పుస్తకం కావాలి: ఎవరు ఏ వీధికి వెళ్లారు, ఎవరు ఏ పేజీ రాశారు. అధ్యాపకులారా, రెండో వారంలోనే దాన్ని తెరిచి అడగండి. కూలికి వెళ్తూ చదువుకునే కుర్రాడు ఎందుకు రాలేకపోయాడో అప్పుడే తెలుస్తుంది. రాత్రిపూట చేయగల పని అతనికి అప్పగించడానికి వ్యవధి ఇంకా ఉంటుంది.